మలేరియాకి ఎక్స్‌రే తీయించుకోమని కాదు ఆ వార్త

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రిక లోపలి పేజీలో ఒక చిన్న వార్త వేశారు, మలేరియా గుట్టు ఎక్స్‌రేతో తెలిసిపోయిందన్నట్టు హెడ్డింగ్, శాస్త్రవేత్తలు పెద్ద ఎక్స్‌రే యంత్రాలతో రక్తకణంలోని మలేరియా క్రిమిని చూశారని కింద నాలుగైదు వాక్యాలు, పక్కన ఎర్రగా పచ్చగా మెరిసిపోతున్న ఒక రక్తకణం బొమ్మ. వార్తలో రాసింది తప్పని నేను అనడం లేదు, చాలావరకు సరిగ్గానే ఉంది. కానీ మన జనం వార్త మొత్తం చదవరు కదండీ, హెడ్డింగ్ చదువుతారు, లేదంటే ఎవరో చదివి చెబితే వింటారు. ఆ హెడ్డింగ్ విన్న ఒక తల్లికి ఏమైందో చెబుదామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను, రాస్తూ ఉంటే ఇంకా చాలా వచ్చాయి. పెద్దదైపోయింది, అయినా పూర్తిగా చదవండి.

మేముండేది గోపాలపట్నంలో. మా వీధి చివర అపార్ట్‌మెంటు కడుతున్నారు. అక్కడ ఇటుకలు మోసే పనికి పాడేరు పైనుంచి ఒక కుటుంబం వచ్చి షెడ్డులో ఉంటోంది. వాళ్ల పెద్దబ్బాయికి పదహారేళ్లుంటాయి. వారం రోజులుగా జ్వరం, అదీ రోజు విడిచి రోజు, మధ్యాహ్నం అయ్యేసరికి దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆగని వణుకు, తర్వాత ఒళ్లు కాలిపోవడం, ఆ తర్వాత చెమట పట్టి తేలికపడడం. ఏజెన్సీలో పెరిగిన ఏ తల్లికైనా ఇది ఏ జ్వరమో చెప్పక్కర్లేదు. ఆవిడకీ తెలుసు. కానీ అక్కడ పనిచేసే ఎవరో "పేపర్లో పడింది, ఇప్పుడు మలేరియాకి ఎక్స్‌రే వచ్చింది, వేలు గుచ్చే పని లేదు" అని చెప్పారట. ఆవిడ కొడుకుని తీసుకుని ఒక ప్రైవేటు ల్యాబ్‌కి వెళ్లింది. వాళ్లు ఛాతీ ఎక్స్‌రే తీశారు, డబ్బులు తీసుకున్నారు, ఏమీ లేదు, క్లియర్‌గా ఉంది అని ఫిల్ము చేతిలో పెట్టి పంపేశారు. రెండు రోజుల కూలి దానికే పోయింది.

"ఏటీ లేదంటన్నారమ్మా, మరి పిల్లోడికి జొరం తగ్గదేటి?" అని ఆ ఫిల్ము పట్టుకుని మా గేటు దగ్గర నిలబడింది. నేను పాత ల్యాబ్ టెక్నీషియన్‌నని వీధిలో అందరికీ తెలుసు. ఆ ఫిల్ము చూసి నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు. అడిగిన పరీక్ష చేసి డబ్బులు తీసుకుని, ఇది మలేరియాకి కాదమ్మా అని ఒక్క ముక్క చెప్పని వాళ్ల మీద. ఆ సాయంత్రమే పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. వేలు గుచ్చారు, స్లైడ్ లాగారు, వైవాక్స్ రకం మలేరియా పాజిటివ్. క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు రాసిచ్చారు. ఇప్పుడు కుర్రాడు బాగానే ఉన్నాడు, ప్రైమాక్విన్ ఇంకా మింగుతున్నాడు, రోజూ సాయంత్రం నేనే అడుగుతున్నాను మింగావా లేదా అని.

కాబట్టి ముందుగా అందరికీ అర్థమయ్యేలా ఒక మాట. మలేరియా ఉందో లేదో తెలియాలంటే ఎక్స్‌రే తీయరు. వేలి మీద ఒక చుక్క రక్తం, దాంతో స్లైడ్ లేదా కిట్ పరీక్ష, అంతే. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర కూడా కిట్ ఉంటుంది. ఎవరైనా మలేరియాకి ఛాతీ ఎక్స్‌రే తీస్తామంటే తీయించుకోకండి. మీరు రేపటి పేపర్లో ఈ పేరా ఒక్కటైనా వేస్తే నాకు చాలు.

ఇక రెండో సంగతి. హెడ్డింగ్ అలా పెట్టడం వల్ల అసలు గొప్ప విషయం మరుగున పడిపోయింది. ఆ వార్తలో చెప్పిన ఎక్స్‌రే వేరు, ఆసుపత్రి ఎక్స్‌రే వేరు. దాన్ని సరిగ్గా చెబితే మన ఏజెన్సీ జనానికి, మన పిల్లలకి చాలా పనికొస్తుంది. నాకు అందులో సొంత ఆసక్తి ఉంది, ఎందుకంటే ఆ శాస్త్రవేత్తలు మలేరియా క్రిమి లోపల ఉండే ఏ నలుసు కోసం అంత పెద్ద యంత్రాలు వాడారో ఆ నలుసు వెంట నేను నా ఉద్యోగమంతా పడ్డాను.

ఎక్కువ కాలం పనిచేసింది ఏజెన్సీలోనే, చింతపల్లి వైపు, తర్వాత పాడేరు వైపు. జూన్‌లో వానలు పడ్డాక మొదలయ్యేది. రోజుకి ఇన్ని అని లెక్క ఉండేది కాదు, ఊళ్ల నుంచి స్లైడ్లు పేపర్లో చుట్టి వచ్చేవి, ఒక్కో స్లైడ్ మీద ఒక మందపాటి పూత, ఒక పలుచని పూత. జేఎస్‌బీ రంగు వేయడం, ఆరబెట్టడం, నూనె చుక్క వేసి 100 ఎక్స్ లెన్స్ కింద పెట్టడం. మందపాటి పూతలో వంద ఫీల్డులు, అంటే లెన్స్ కింద వంద చోట్లు, చూస్తే గానీ నెగెటివ్ అని రాయకూడదు. కరెంటు పోతే కిటికీ దగ్గరికి జరిపి అద్దంతో ఎండని పట్టుకుని చూసేవాళ్లం. కొత్తగా వచ్చిన వాళ్లు ఉంగరం కోసం వెతుకుతారు, చిన్న క్రిమి ఎర్ర రక్తకణంలో ఉంగరంలా కనిపిస్తుంది కాబట్టి. అనుభవం వచ్చాక మన కన్ను ఇంకోదాన్ని కూడా పట్టుకుంటుంది, అది గోధుమరంగు నలుసు. క్రిమి కాస్త పెద్దదయ్యాక దాని కడుపులో బంగారు గోధుమ రంగులో, కొన్నిసార్లు నల్లగా, చిన్న ముద్దలా ఉంటుంది. పిగ్మెంట్ అనేవాళ్లం. మా సీనియర్ ఒకాయన "ఉంగరం మోసం చేస్తుంది, నలుసు చేయదు" అనేవారు. రంగు సరిగ్గా పడకపోతే మురికి కూడా ఉంగరంలా కనిపిస్తుంది మరి, అయితే నలుసు లాంటి మురికి కూడా ఉంటుంది, అందుకే క్రిమితో కలిపి చూడాలి.

ఒకసారి హుకుంపేట వైపు నుంచి ఒక ఆడమనిషిని మంచం మీద మోసుకొచ్చారు, స్పృహ సరిగ్గా లేదు. స్లైడ్లో క్రిములు దాదాపు లేవు. నెగెటివ్ అని రాసేయాల్సిందే. కానీ తెల్ల రక్తకణాల్లో చూస్తే ఆ గోధుమ నలుసులు కనిపిస్తున్నాయి. ఫాల్సిపారం అని ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా క్రిమి ఉంది, అది పెద్దదయ్యాక రక్తంలో తిరగదు, తానున్న ఎర్ర కణాన్ని సన్నని రక్తనాళాల గోడకి అతుక్కునేలా చేస్తుంది, మెదడులో కూడా, అందుకే వేలి రక్తంలో కనబడకపోవచ్చు. కానీ పగిలిన కణాల నుంచి బయటపడ్డ నలుసుని తెల్ల కణాలు మింగుతాయి, అది దాగదు. డాక్టర్ గారికి చెప్పాను, ఆయన వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టి జీపులో విశాఖ పెద్దాసుపత్రికి పంపారు. బతికింది. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ నలుసు ఎంత విలువైనదో చెప్పడానికి.

నిజానికి మలేరియా చరిత్రంతా ఆ నలుసు చుట్టూనే తిరిగింది. 1847లోనే మెకెల్ అనే జర్మన్ వైద్యుడు రక్తంలో ఈ నల్లని గింజల్ని చూశాడు, అవేమిటో ఆయనకి తెలీదు. 1880 నవంబర్ 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ సైనిక ఆసుపత్రిలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక సైనికుడి రక్తంలో ఆ గింజలున్న వస్తువుని చూస్తుండగా దాని నుంచి తోకల్లాంటివి బయటకి వచ్చి కదిలాయి, ఇది ప్రాణమున్న క్రిమి అని అప్పుడు తెలిసింది. మన సికింద్రాబాద్ సంగతి చాలామందికి తెలుసు, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడ మీద మలేరియా క్రిమిని కనిపెట్టాడని. కానీ ఎలా గుర్తుపట్టాడో ఎవరూ చెప్పరు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమల్ని, దోమకి ఒక అణా చొప్పున ఆయనకి ఇచ్చి, కోసి చూస్తున్నాడు. ఉక్కపోత, ఫంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఫంకా కూడా లేదు. దోమ కడుపు గోడలో గుండ్రంగా కొన్ని కణాలు కనిపించాయి, వాటిలో మనిషి రక్తంలో కనిపించే అదే నల్లని పిగ్మెంట్ గింజలు. ఆ గింజలు లేకపోతే అవి దోమ సొంత కణాలే అనుకుని వదిలేసేవాడేమో. మనం బడిలో రాస్ పేరు, తేదీ బట్టీ పెడతాం, ఈ గింజల సంగతి మాత్రం పాఠంలో ఉండదు.

అయితే ఆ గింజ ఏమిటి? నేను ఉద్యోగంలో చేరినప్పుడు నన్ను అడిగితే "క్రిమి తిన్న రక్తం తాలూకు మిగులు" అని చెప్పేదాన్ని, అంతే తెలుసు. అంతకుమించి చెప్పింది ఎక్స్‌రేలే.

ఆసుపత్రిలో ఛాతీకి తీసే యంత్రం సుమారు లక్ష వోల్టుల మీద పనిచేస్తుంది. ఆ కిరణాలు చర్మాన్ని, కండని దాటుకుపోతాయి, ఎముక దగ్గర ఎక్కువ ఆగుతాయి, అందుకే ఎముక తెల్లగా పడుతుంది. ఎర్ర రక్తకణం వెడల్పు 7, 8 మైక్రాన్లు, అంటే 130 కణాలు పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటరు. అలాంటిది ఆ కిరణాలకి ఆనదు. శాస్త్రవేత్తలు దీనికి వాడేవాటిలో ఒక రకం సాఫ్ట్ ఎక్స్‌రేలు, వాటి శక్తి ఛాతీ ఎక్స్‌రేలో వందో వంతు పాటి ఉంటుంది. గాలిలో కూడా ఎక్కువ దూరం పోలేవు, అందుకని గాలి తీసేసిన గొట్టాల్లోంచి నడిపిస్తారు. మనిషి మీద వేస్తే చర్మం దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి ఈ పద్ధతిని ఆసుపత్రికి తెచ్చి మనిషిని నిలబెట్టి ఫోటో తీయడం అనే మాటే లేదు.

మరి వాటితో ఉపయోగం ఏమిటంటే, 284 నుంచి 543 ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తిని కొలిచే లెక్క ఇది) మధ్య ఆ కిరణాలకి ఒక మంచి గుణం ఉంది. కార్బన్ వాటిని బాగా ఆపుతుంది, నీళ్లు పెద్దగా ఆపవు. దీన్ని నీటి కిటికీ అంటారు. మన కణాల్లో ఎక్కువ భాగం నీళ్లు, మిగతాది ప్రొటీన్లు, కొవ్వులు, అంటే కార్బన్. కాబట్టి రంగు వేయకుండానే నీళ్లు అద్దంలా, కణంలోని వస్తువులు నీడల్లా కనిపిస్తాయి. స్లైడ్లకి రంగు వేసి వేసి చేతులు నీలంగా మారిన నాలాంటి వాళ్లకి ఈ ఒక్క మాట చాలు. కణాన్ని ఐసు పలుకులు కట్టే సమయం కూడా ఇవ్వకుండా ఒక్కసారిగా గడ్డకట్టించి, ద్రవ నైట్రోజన్ చల్లదనంలోనే ఉంచి, కొంచెం కొంచెంగా తిప్పుతూ చాలా ఫోటోలు తీస్తారు, కంప్యూటర్ వాటిని కలిపి లోపలి ఆకారం మొత్తం కట్టి చూపిస్తుంది. సీటీ స్కాన్‌లో మనిషికి చేసేదే ఇక్కడ ఒక్క రక్తకణానికి చేస్తారు. మా మామూలు మైక్రోస్కోపులో 200 నానోమీటర్ల (మైక్రాన్‌లో వెయ్యో వంతు ఒక నానోమీటరు) కన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువులు ఒకటిగా కలిసిపోతాయి, ఇందులో 50 నానోమీటర్లు, ఇంకా తక్కువ కూడా విడిగా కనిపిస్తాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఇంకా బాగా కనిపిస్తుంది, కానీ మామూలుగా దానికి కణాన్ని పలుచని ముక్కలుగా కోయాలి. ఎర్ర రక్తకణం మందం 2 మైక్రాన్లే కాబట్టి ఈ ఎక్స్‌రేలు దాన్ని నిండుగా, కోయకుండా దాటగలవు. ఇంకో మాట, మీరు వేసిన బొమ్మలో రంగులు కంప్యూటర్లో తర్వాత వేసినవి, కణం అలా మెరవదు. అది కూడా బొమ్మ కింద ఒక లైను రాయాల్సింది.

ఈ కిరణాలు మామూలు గొట్టంలోంచి కావలసినంత రావు. ఎలక్ట్రాన్లని దాదాపు కాంతి వేగంతో ఒక పెద్ద వలయంలో తిప్పుతారు, అయస్కాంతాలతో వంచినప్పుడల్లా అవి ఎక్స్‌రేలని విడుస్తాయి. సింక్రోట్రాన్ అంటారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్నదాని చుట్టుకొలత 844 మీటర్లు. ఒక రక్తకణాన్ని చూడడానికి అంత పెద్ద వలయం. విన్నప్పుడు నాకు మా పీహెచ్‌సీ కిటికీ, అద్దం గుర్తొచ్చాయి, అక్కడా ఇక్కడా వెలుగు కోసం పడే పాటే అది.

వాళ్లు ఏం చూశారో చెబుతాను. ఒక్కో ఎర్ర కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులుంటాయి. ఫాల్సిపారం క్రిమి ఆ కణంలో దూరాక 48 గంటల్లో దానిలో సగానికి పైగా తినేస్తుంది. తన కడుపులో ఒక సంచి ఉంటుంది, జీర్ణ సంచి అందాం, అందులో హిమోగ్లోబిన్‌ని ముక్కలు చేస్తుంది. ప్రొటీన్ భాగం దానికి తిండి. మిగిలింది హీమ్, ఇనుము ఉన్న భాగం, ఒక్కో హిమోగ్లోబిన్‌కి నాలుగు. విడిగా ఉన్న హీమ్ విషం, క్రిమినే చంపుతుంది. మన ఒంట్లో హీమ్‌ని విడగొట్టే ఎంజైమ్ ఉంది, ఈ క్రిమి ఆ పని చేయలేదు. అందుకని ఏం చేస్తుందంటే హీమ్‌ని స్ఫటికాలుగా పేర్చి పక్కన పెట్టేస్తుంది, ఇంట్లో పాడు నీళ్లు ఎక్కడికీ పోయే దారి లేకపోతే గడ్డకట్టించి మూల పెట్టినట్టు. ఆ స్ఫటికాల పేరు హీమోజోయిన్. నా గోధుమ నలుసు అదే.

చాలాకాలం అది హీమ్‌ల పొడవాటి గొలుసు అనుకున్నారు. 2000లో అమెరికాలోని బ్రూక్‌హావెన్ సింక్రోట్రాన్ దగ్గర దాని పొడి మీద ఎక్స్‌రేలు వేసి, అవి ఏ కోణాల్లో చెదిరాయో లెక్కగట్టి, గొలుసు కాదని తేల్చారు. రెండేసి హీమ్‌లు ఎదురెదురుగా చేతులు పట్టుకున్నట్టు జతకడతాయి, ఆ జతలు ఒకదాని పక్కన ఒకటి చేరి స్ఫటికం అవుతాయి. అంతకుముందే, 1997లో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో సాఫ్ట్ ఎక్స్‌రే మైక్రోస్కోపు కింద ఫాల్సిపారం ఉన్న ఎర్ర కణాలని రంగు వేయకుండా నిండుగా చూశారు. హిమోగ్లోబిన్‌ని కోసే ఎంజైములని ఒక మందుతో ఆపేస్తే క్రిమి సంచిలో తినని సరుకు పేరుకుపోవడం కనిపించింది. అందులో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. పుట్టుకతోనే చట్రంలో ఒక ప్రొటీన్ లోపించిన ఎర్ర కణాల్లో పెరిగిన క్రిమి వంకరగా పెరిగింది, సరే. దాని పిల్లలు మంచి ఎర్ర కణాల్లోకి వెళ్లాక కూడా ఆ వంకర పోలేదట. అంటే తల్లి పెరిగిన ఇంటి ప్రభావం పిల్లల మీద కూడా కనిపిస్తుంది. మన ఏజెన్సీలో సికిల్ సెల్, అంటే ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుజబ్బు, ఎంత ఉందో అందరికీ తెలుసు, ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లకి తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని కూడా తెలుసు. ఎర్ర కణం మారితే లోపలి క్రిమికి ఏమవుతుందో కంటితో చూడగలగడం మన ప్రాంతానికి ఎంత అవసరమో ఆలోచించండి.

2012లో బెర్లిన్‌లో గడ్డకట్టించిన కణాల్ని చూసి, స్ఫటికాలు సంచి మధ్యలో ఎక్కడో కాదు, సంచి పొరకి లోపలి వైపు ఆనుకుని పుడుతున్నాయని చెప్పారు.

ఇక 2019లో వచ్చిన పని నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. క్లోరోక్విన్ ఎలా చంపుతుంది? దశాబ్దాలుగా వాడుతున్న మందు, నా చేతులతో ఎన్ని వేల మాత్రలు లెక్కపెట్టి ఇచ్చానో. స్ఫటికం కట్టకుండా అడ్డుకుంటుందని పరీక్ష నాళికల్లో చేసిన పనుల వల్ల అనుకుంటూ వచ్చారు. కానీ బతికున్న క్రిమి లోపల అలాగే జరుగుతోందా? అది చూడడానికి క్లోరోక్విన్‌లో క్లోరిన్ ఉన్న చోట బ్రోమిన్ పెట్టి ఒక మందు చేశారు. ఎక్స్‌రే తగిలినప్పుడు ప్రతి మూలకం తనదైన కిరణాన్ని తిరిగి విడుస్తుంది, బ్రోమిన్ ఎక్కడున్నా అది గుర్తు చెబుతుంది, ఇనుము కూడా అంతే. ఆ మందు పట్టించిన క్రిములున్న రక్తకణాలని గడ్డకట్టించి బార్సిలోనా, బెర్లిన్, గ్రెనోబుల్ యంత్రాల్లో చూశారు. బ్రోమిన్ జీర్ణ సంచిలో చేరింది, అక్కడ స్ఫటికాల ఉపరితలం మీద కూర్చుంది. పాత్ర మీద మూత పడ్డట్టే, కొత్త హీమ్ వచ్చి అతుక్కోవడానికి చోటు లేదు, విడి హీమ్ సంచిలో పేరుకుపోతుంది, ఆ విషానికి క్రిమి చస్తుంది. మందు క్రిమిని నేరుగా చంపడం లేదు, అది తన విషాన్ని తాను మూటకట్టుకోకుండా ఆపుతోంది. చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు, అన్నేళ్లు ఆ నలుసునీ చూశాను, ఆ మాత్రనీ ఇచ్చాను, ఆ రెండూ అక్కడ కలుసుకుంటున్నాయని నా కళ్లతో చూసే వీలు లేకపోయింది.

ఇది మీ పత్రిక చదివేవాళ్లకి ఎందుకు కావాలి అంటారేమో. కావాలండీ. ఏజెన్సీలో నేను చూసిన పెద్ద సమస్య మందు లేకపోవడం కాదు, మధ్యలో ఆపేయడం. మొదటి రోజు మాత్రలకి జ్వరం దిగుతుంది, మిగతావి చూరులో దోపేస్తారు, ఇంకెవరికైనా వస్తే వాడుకుందామని. "పూర్తి కోర్సు వేసుకోండి" అని మేం వెయ్యిసార్లు చెప్పేవాళ్లం, ఎందుకో చెప్పేవాళ్లం కాదు, మాకే తెలీదు కాబట్టి. ఇప్పుడు చెప్పొచ్చు. మందు ఆ సంచిలోకి నిండుగా చేరాలి, చేరి స్ఫటికాల మీద మూత పడాలి, సగం చేరితే కొన్ని క్రిములు బతికిపోతాయి. ఫాల్సిపారం సంగతి ఇంకా కష్టం, దానిలో చాలావాటికి ఆ సంచి గోడలో ఒక ప్రొటీన్ మారిపోయి, క్లోరోక్విన్‌ని వచ్చినట్టే బయటికి తోసేస్తుంది. మన దేశంలో దీన్ని మొదట 1973లో అస్సాంలో గుర్తించారు. అందుకే ఫాల్సిపారానికి ఇప్పుడు క్లోరోక్విన్ ఇవ్వరు, ఆర్టెసునేట్ కలిపిన మందుల కాంబినేషన్ ఇస్తారు. ఆ ఆర్టెసునేట్ పనిచేయాలన్నా హీమ్‌లోని ఇనుము కావాలి, చూడండి మళ్లీ అక్కడికే వచ్చాం. మెడికల్ షాపులో "మలేరియా మాత్ర ఇవ్వు" అని అడిగి ఏదో ఒకటి మింగకూడదనడానికి కారణం ఇదే, ముందు స్లైడ్‌లో ఏ రకమో తేలాలి.

వైవాక్స్‌కి ప్రైమాక్విన్ 14 రోజులు ఎందుకంటే అది కాలేయంలో నిద్రపోతున్న క్రిముల కోసం. అవి రక్తంలో లేవు, కాబట్టి ఈ రక్తకణం ఫోటోల్లో కనిపించవు, కానీ నెలల తర్వాత లేచి మళ్లీ జ్వరం తెప్పిస్తాయి. ప్రైమాక్విన్ గర్భిణులకి ఇవ్వకూడదు, జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో లోపించినవాళ్లకి రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లగా వస్తే వెంటనే మాత్ర ఆపి డాక్టర్ దగ్గరికి పోవాలి. ఇది కూడా వేయండి, చాలామందికి తెలీదు.

మీరు వార్తలో ఇవన్నీ విదేశాల పేర్లే రాశారు, మనవాళ్లకి దీనితో సంబంధం లేదన్నట్టు. మన దేశంలో కూడా సింక్రోట్రాన్ ఉంది, ఇండోర్‌లో రాజా రామన్న కేంద్రంలో ఇండస్-1, ఇండస్-2. రెండోదాని చుట్టుకొలత సుమారు 172 మీటర్లు. విశ్వవిద్యాలయాల నుంచి పరిశోధకులు దరఖాస్తు పెట్టుకుని అక్కడ ప్రయోగాలు చేసుకోవచ్చు. సీవీ రామన్ చిన్నప్పుడు చదువుకున్న ఊరు మనది, వాల్తేరులో భగవంతం గారు భౌతికశాస్త్రం నడిపిన ఊరు. కొండ దిగితే ఆంధ్రా మెడికల్ కాలేజీ, కొండెక్కితే ఆంధ్రా యూనివర్సిటీ, వాటి వెనక మూడు గంటల దూరంలో మలేరియా ఉన్న మన్యం. ఫిజిక్స్ చదివే పిల్లకి రక్తకణం గురించి, వైద్యం చదివే పిల్లాడికి ఎక్స్‌రే గురించి ఒకే గదిలో చెప్పేవాళ్లు ఉండాలి. మీ లాంటి పత్రిక రాస్తే ఎవరో ఒక లెక్చరర్ పట్టించుకుంటారని నా ఆశ.

ఇంకో దిగులు కూడా రాస్తాను. కిట్లు వచ్చాక స్లైడ్ చూసేవాళ్లు తగ్గిపోతున్నారు. కిట్ మంచిదే, పదిహేను ఇరవై నిమిషాల్లో చెబుతుంది, కొండ మీద కరెంటు లేని ఊళ్లో దానికి సాటి లేదు. కానీ ఫాల్సిపారం తగ్గిపోయాక కూడా కిట్ కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపించవచ్చు, క్రిములు ఎన్ని ఉన్నాయో అది చెప్పదు, తెల్ల కణంలో నలుసు ఉందో లేదో అసలే చెప్పదు. దేశం 2027కల్లా స్థానికంగా కొత్త మలేరియా కేసు ఒక్కటి కూడా లేకుండా చేయాలని, 2030కల్లా మలేరియాని పూర్తిగా తీసేయాలని లక్ష్యం పెట్టుకుంది. కేసులు తగ్గే కొద్దీ స్లైడ్ చూసే కన్ను ఇంకా పదునుగా ఉండాలి, ఎందుకంటే వందల స్లైడ్లలో ఒక్కటే పాజిటివ్ ఉంటుంది, అది తప్పిపోకూడదు. ప్రపంచంలో 2023లో 26 కోట్ల పైచిలుకు మందికి మలేరియా వచ్చింది, దాదాపు 6 లక్షల మంది పోయారు, అందులో ఎక్కువమంది ఆఫ్రికా పసిపిల్లలు. మన దగ్గర తగ్గింది కదా అని వదిలేసే జబ్బు కాదు.

నేను అడిగేది మూడు. మొదటిది, మలేరియాకి ఎక్స్‌రే పరీక్ష లేదు, రక్త పరీక్షే అని మొదటి పేజీలో కాకపోయినా జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి, పాడేరు ఎడిషన్లో తప్పకుండా. రెండోది, ఆ ఎక్స్‌రే పరిశోధన గురించి సరైన వ్యాసం ఒకటి వేయండి, ఆ బొమ్మకి సరైన వివరణతో. మూడోది నా వైపు నుంచి. నా దగ్గర ఒక పాత మైక్రోస్కోపు ఉంది, పని చేస్తుంది. ఉద్యోగంలో ఉండగా శిక్షణ కోసం దాచిన, పేర్లు లేని పాత స్లైడ్లు కొన్ని ఉన్నాయి. మీ విలేఖరులు ఎవరైనా, లేదా గోపాలపట్నం, పెందుర్తి వైపు ఏ బడి మాస్టారైనా కబురు చేస్తే నేను వచ్చి చూపిస్తాను. పిల్లలు ఒక్కొక్కరుగా కన్ను పెట్టి చూడాలి, తొందరపెట్టకుండా ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఉంగరం ఏదో, నలుసు ఏదో వేలితో చూపిస్తాను. ఆదివారాలు తప్ప ఏ రోజైనా పర్వాలేదు, ఉదయం పదింటిలోపు అయితే కిటికీ దగ్గర వెలుగు బాగుంటుంది.

ఇట్లు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
గోపాలపట్నం, విశాఖపట్నం.